నికనోరా ఇంటి సున్నపు శిలువ

లెయొబార్దో చాసారోను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు నికనోరా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతిలో గంజి వాసన వేస్తున్న చొక్కా ఒకటి ఉంది. పనిలోంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది.

"కొమాద్రె హసింతా, తొమ్మిదో రోజున వాడి శిలువ మా ఇంట్లోంచే లేవాలి. ఎవరేమనుకున్నా సరే. జపమాల నువ్వే చెప్పాలి," అంది.

"చెబుతాలే. ఆయన మీద నీకంత ప్రేముందని తెలీదు సుమా," అన్నాను.

"ప్రేమా, నా మొహమా! ఆరేళ్ళు మనిషిగా భరించాను. ఇప్పుడు ఆత్మగా కూడా భరించమంటావా? శిలువ లేవకపోతే వాడు ఇల్లు కదలడు. అసలే బద్ధకస్తుడు."

మా నదివైపు ఊళ్ళలో ఎవరైనా పోతే, ప్రాణం పోయిన చోట నేల మీద సున్నంతో శిలువ గీస్తాం. చుట్టూ పూలు, నాలుగు మూలలా కొవ్వొత్తులు. పూడ్చిపెట్టిన మర్నాటినుంచి తొమ్మిది సాయంత్రాలు దాని ముందు మోకరించి జపమాల చెబుతాం. అన్ని రోజులూ దాన్ని ఎవరూ తొక్కకూడదు, దాటకూడదు. ఆఖరి సాయంత్రం ఆ ఇంటి రక్తం కాని అయిదుగురు వచ్చి, తల ఒకరు, చేతులు ఇద్దరు, గుండె ఒకరు, పాదం ఒకరు చొప్పున ఆ సున్నాన్ని పూలతో ఊడ్చి పెట్టెలోకి ఎత్తుతారు. పాదం ఎత్తినవాళ్ళు ఆ పెట్టెను సమాధి దాకా మోసుకెళ్ళి మట్టిలో కలుపుతారు. అప్పుడుగానీ పోయినవాడికి ఇల్లు వదిలి దేవుడి దగ్గరికి నడిచే కాళ్ళు రావు. ఎత్తిన అయిదుగురూ ఆ ఇంటికి చుట్టాలైపోతారు. ఆడవాళ్ళయితే కొమాద్రె, మగవాళ్ళయితే కొంపాద్రె. వీధిలో ఎదురుపడితే టోపీ తియ్యకుండా పోవడం ఇక పాపం కిందే లెక్క.

నికనోరా కోరిందల్లా ఇదే. ఆ మనిషి తన ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. కానీ ఆ మనిషి ఊరికి కావాల్సి వచ్చాడు, చచ్చాక.

లెయొబార్దో గొంతు గురించి అబద్ధం చెప్పను. దేవుడు తేనె పోసేటప్పుడు గిన్నె కడిగి ఉందా లేదా అని చూడడు కాబోలు. అతను బొలేరో ప్రేమపాట అందుకుంటే ఒడ్డున కట్టేసిన పడవలు కూడా కదలడం మానేసేవని మావాళ్ళు చెప్పుకుంటారు. పన్నెండుమంది వాయిద్యగాళ్ళు, తెల్ల బూట్లు, మడతలు కుట్టిన తెల్ల చొక్కాలు, అందరికన్నా ఒక అడుగు ముందు ఇతను. వాల్‌పోస్టర్లలో 'పాపలోయాపాన్ నది గొంతు' అని వేసేవారు. నదికి పాపం గొంతు లేదు కాబట్టి ఊరుకుంది.

అతన్ని అంతవాణ్ణి చేసిన పాట 'నీ పేరు తప్ప'. రెండో చరణం చివర ఆ పాటలో ఒక ఖాళీ ఉంది. అందులో మూడక్షరాల పేరు ఒకటి పడుతుంది. ఏ ఊరి తిరునాళ్ళకు వెళ్ళినా, పడవ దిగగానే గిలక్కాయలు వాయించే సోస్తెనెస్‌ను ముందు పంపేవాడు. ఊళ్ళో మూడక్షరాల పేరున్న చక్కని పిల్ల ఎవరో కనుక్కుని రావడం సోస్తెనెస్ పని. ఒక ఊళ్ళో ఎల్విరా, ఇంకో ఊళ్ళో మార్తినా, అవతలి ఒడ్డున సొకొర్రో. పాడేటప్పుడు కళ్ళు మూసుకుని, ఆ పేరు దగ్గర మాత్రం తెరిచి, ఆ పిల్లవైపు చూసేవాడు. అంతే. నదికి రెండు పక్కలా ఆ పాట తనకోసమే పుట్టిందని నమ్మి పెళ్ళి మానుకున్న వాళ్ళున్నారు. పెళ్ళయ్యాక మొగుడి గురక వింటూ ఆ పాట తలుచుకుని నిట్టూర్చినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ప్రేమంటే ఇదేనని మూడు తరాలకు నేర్పి వెళ్ళాడు మహానుభావుడు.

నికనోరా ఆ బృందానికి చొక్కాలు గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. ఆమె పేరు నాలుగక్షరాలు. పాటలో పట్టదు. "మా అమ్మ ముందుచూపు అది," అని నవ్వేది. అతను ఆమెతో మాట్లాడిన మాటలన్నీ కాలర్ల గురించే. మెత్తగా ఉందనేవాడు, లేకపోతే గుచ్చుకుంటోందనేవాడు.

ఒక తిరునాళ్ళలో పాట మధ్యలోనే పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. బృందం కొత్త గొంతును వెతుక్కుని ముందుకు సాగిపోయింది. అతన్ని పడవలో వేసి ఇంటికి చేర్చే పని సోస్తెనెస్ మీద పడింది. ఇల్లంటే ఏ ఇల్లు? మూడు ఊళ్ళలో మూడు కాపురాలు. మొదటి ఆవిడ పడవను చూసి కిటికీ మూసేసింది. రెండో ఆవిడ, "పోయిన ఏడు ఎవరి దగ్గరున్నాడో అక్కడికే తీసుకెళ్ళు," అంది. మూడో ఆవిడ ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికెళ్ళిందో ఎవరికీ చెప్పలేదు. తెలివైంది. చివరికి మా ఊరి రేవులో దింపాడు. రేవుకు ఆనుకుని ఉన్నది నికనోరా ఇల్లు.

"సాయంత్రం దాకా ఉంచమ్మా, దోన్యా నికనోరా. ఈలోగా ఏదో ఒకటి చూస్తాను," అన్నాడు సోస్తెనెస్.

ఆ సాయంత్రం ఆరేళ్ళకు అయింది.

ముందుగది అతనికిచ్చి, తన ఇస్త్రీబల్లను పెరట్లో రేకుల కిందికి, కోళ్ళ మధ్యకు మార్చుకుంది. కడిగింది, తిప్పి పడుకోబెట్టింది, గడ్డం గీసింది, జావ తాగించింది. మాట పోయినా అతనికి పాట మిగిలింది. అది దేవుడి లీలో, పరీక్షో నాకు తెలీదు. ఏం కావాలన్నా ఆ రెండో చరణం ఎత్తుకునేవాడు. ఆకలైతే ఎల్విరా. దాహమైతే మార్తినా. పక్క తడిస్తే సొకొర్రో. అన్ని పేర్లకూ లేచి వచ్చింది నికనోరా ఒక్కతే.

"పోన్లే, పక్క తడిపినప్పుడు నా పేరు పెట్టలేదు, అదే పదివేలు," అనేది.

ఆ ఆరేళ్ళలో ఆ ఇంటివైపు చూసినవాళ్ళు లేకపోలేదు. పడవ కాసియానో వారానికోసారి, తలుపు తట్టకుండా, అరిటాకులో చుట్టిన చేప తలకాయను గుమ్మం పక్కన పెట్టి పోయేవాడు. చారుకు పనికొస్తుందని. రొట్టెల కొట్టావిడ, "అడుగు మాడిపోయాయమ్మా, ఎవరూ కొనరు," అంటూ రొట్టెలు పంపేది. నేను తిప్పి తిప్పి చూశాను. ఒక్కదానికీ అడుగు మాడలేదు. ఇలాంటివాటి మీద ఎవరూ పాట కట్టరు.

పాట తెలిసినవాళ్ళు ఏడాదికి ఒక్కసారి వచ్చేవారు. 'లెయొబార్దో మిత్రుల సంఘం' అని ఒకటుంది మా ఊళ్ళో. ఐసు ఫ్యాక్టరీ యజమాని దోన్ పాలెమోన్ దానికి పెద్ద. వాళ్ళు మేస్ట్రో అని పిలుచుకునే లెయొబార్దో పుట్టినరోజున కేకుతో దిగేవారు. నికనోరా ముందురోజే ఇస్త్రీ చేసి ఉంచిన తెల్ల సూటు తొడిగి, అతన్ని గుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించుకునేవారు. ప్రతి ఏడూ దోన్ పాలెమోన్ అదే మాట: "ఏవమ్మా ఇస్త్రీ, కాస్త పక్కకు జరుగు. నీ నీడ పడుతోంది." ఫోటో అయ్యాక మేస్ట్రోకు ఒక స్పూను కేకు తినిపించి, చేతిరుమాలుతో కళ్ళొత్తుకుని, మిగిలిన కేకును డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోయేవారు. జాలితో కన్నీళ్ళు పెట్టుకోవడం వాళ్ళకు బాగా వచ్చు. జాలిపడి పక్కగుడ్డ ఒక్కటి ఉతికిన పాపాన పోలేదు.

అతను పోయిన ఉదయం, నికనోరా ఇంకా అతని తల దువ్వుతుండగానే సంఘంవాళ్ళు వచ్చి శవాన్ని డాన్సు హాలుకు ఎత్తుకుపోయారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. పై ఊళ్ళనుంచి పడవల నిండా ఆడవాళ్ళు దిగారు. నల్ల ముసుగులు, విసనకర్రలు, మూర్ఛలు. ఒకావిడ శవపేటిక మీద పడి, "నా పాట! నా పాట!" అని ఏడుస్తుంటే, పక్కనే ఇంకో ఆవిడ ఏడుపు ఆపి, "మీదేమిటమ్మా, అది నాది," అంది. ఇద్దర్నీ విడదీయడానికి కాసియానో వెళ్ళాల్సి వచ్చింది.

నికనోరా మాత్రం అతను పోయిన పూటే, వాళ్ళమ్మ నేర్పిన ప్రకారం, ముందుగది నేల మీద సున్నపు శిలువ గీసింది. జపమాలలు మొదలైన నాలుగో రోజు ఆ కబురు దోన్ పాలెమోన్ చెవిన పడింది. నేను జపమాల ముగించి లేస్తుంటే గుమ్మంలోకి వచ్చాడు. లోపల శిలువ ఉందని తెలిసీ టోపీ తియ్యలేదు.

"ఏవమ్మా ఇస్త్రీ, ఇదేం పని? శవం ఎక్కడ పడుకుంటే అక్కడే శిలువ. మేస్ట్రో మా హాల్లో పడుకున్నాడు. అక్కడ రంగు కలిపిన రంపపు పొట్టుతో శిలువ వేయిస్తున్నాం, నీలం, ఊదా. తొమ్మిదో రోజు బ్యాండు ఉంది, రేడియోవాళ్ళున్నారు."

"ప్రాణం ఇక్కడ పోయింది. మీరు మోసుకెళ్ళింది తొడుగు."

"ఒక మనిషికి రెండు శిలువలుంటాయా ఎక్కడన్నా? నీ గదిలో పదిమంది పట్టరు. మేస్ట్రో ఊరందరి ఆస్తి."

"ఆ ముక్క ఆరేళ్ళ కిందట చెప్పి ఉంటే ఇంటింటికీ వంతులేసి పంపేదాన్ని కదా, దోన్ పాలెమోన్. మీ ఇంటి వంతు వేసవికాలం వేసేదాన్ని, మీకు ఐసు ఉందిగా."

దోన్ పాలెమోన్ నావైపు తిరిగి, "మీరైనా చెప్పండి, దోన్యా హసింతా. మీరు భక్తి గలవారు," అన్నాడు.

"చెప్పేది జపమాల ఒక్కటే బాబూ. ఇక్కడే చెబుతాను," అన్నాను.

అతను వెళ్ళాక మా ముసలి ఫాదరు గారి దగ్గరికి వెళ్ళి అడిగాం. "రెండు చోట్లా ప్రార్థించండి, బిడ్డలారా. ప్రార్థన ఎక్కువైతే ఎవరికీ చేటు లేదు," అని నికనోరా చెయ్యి నిమిరి, కుర్చీలోనే కునుకు తీశారు. ఆయన మాట నిజమే. కానీ ప్రార్థన ఎక్కువైనా మనుషులు తక్కువయ్యారు. అయిదుగురు కావాలి. అందరూ హాలుకు పోతామన్నవాళ్ళే.

నికనోరా, నేనూ కలిసి తలుపు తలుపూ తట్టాం. బడిపంతులమ్మ, "నాకు పూలదండ మోసే పని ఇచ్చారమ్మా, సంఘంవాళ్ళు," అంది. మంగలి, "టికెట్టు కొనేశాను, కొమాద్రె," అన్నాడు. చావుకు టికెట్టు పెట్టిన ఊరు మాది. నికనోరా ఇంటిని ఆనుకుని నదివీధి మొదట్లో ఉండే ఒకావిడ తలుపు సగమే తెరిచి, "ఆ మనిషి గొంతు విని నేను కన్నీళ్ళు పెట్టుకోని రోజు లేదు, దోన్యా నికనోరా. ఆ రోజు హాల్లో లేకపోతే ఎలా?" అంది. సాయంత్రాలు రేడియోలో అతని పాట వస్తే వాల్యూము పెంచేది ఆవిడ. అవతలిగోడ వెనక అతను మూలుగుతుంటే ఆ చప్పుడు వినపడకుండా ఇంకాస్త పెంచేది. దేవుడు నన్ను క్షమించాలి, ఆ గుమ్మం ముందు నాకు ఉమ్మెయ్యాలనిపించింది. మెట్లు దిగేదాకా నోట్లో ఒక మంగళవార్త జపం తిప్పుకున్నాను.

చివరికి గుడి వెనక వలలు అల్లుకుంటూ బతుకుతున్న సోస్తెనెస్ దగ్గరికి వెళ్ళాం. ఒకసారి తను జ్వరంతో పడి ఉంటే రేవులోనే వదిలేసి బృందాన్ని పడవ ఎక్కించుకుపోయిన లెయొబార్దోను అతను మరిచిపోలేదు.

"తల నాకివ్వు, దోన్యా. నలభై ఏళ్ళు ఆ తల వెనకాల నిలబడి గిలక్కాయలాడించాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఇప్పుడు ముందునుంచి చూస్తా," అన్నాడు.

రేవు మెట్ల దగ్గర అరిటాకుల్లో ఉడికించిన మొక్కజొన్న తమాలేలు అమ్మే దెల్ఫినాను అడిగాం. మూడక్షరాల పేరు. ఒక కందెలారియా మాత పండగనాడు ఆ పాటలోని ఖాళీలో ఆమె కూర్చుంది. పై ఏడు పండక్కి వస్తానన్నాడట. దిండు గలీబులకు పూలు కుట్టుకుంటూ ఎదురుచూసింది. వేరే ఊరి సంతకు తమాలేలు తీసుకెళ్ళినప్పుడు, అదే పాటలో అదే చోట మార్తినా అని విని, గంప దించకుండా తిరిగొచ్చేసింది.

"గుండె నేనెత్తుతా. అసలు ఉందో లేదో చూడొద్దూ?" అంది. అని నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది.

కాసియానో కుడిచెయ్యి అన్నాడు. పడవ దిగేటప్పుడు ఎప్పుడూ ఆ చెయ్యి అతని భుజం మీదే వేసేవాడట, థాంక్స్ కూడా చెప్పకుండా. రొట్టెల కొట్టావిడ పిండిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి, "ఏ ముక్కైనా ఒకటే తల్లీ, ఎడమ చెయ్యి రాసుకోండి. పొయ్యి మండుతోంది, వస్తాలే," అని లోపలికి పరిగెత్తింది.

జపమాల చెప్పేవాళ్ళు ఎత్తకూడదు కాబట్టి నేను లెక్కలోకి రాను. పాదానికి మాత్రం ఎవరూ దొరకలేదు. పాదం ఎత్తినవాడు పెట్టె పట్టుకుని సమాధులదాకా నడవాలి. అదే దారిలో సంఘం వాళ్ళ ఊరేగింపు వస్తుంది, బ్యాండుతో, జెండాలతో. వాళ్ళకెదురుగా ఒక ఇస్త్రీ మనిషి తరఫున సున్నపు పెట్టె మోసేంత ధైర్యం ఎవరికుంది? ఎనిమిదో సాయంత్రం జపమాల అయ్యాక నికనోరా ఆ శిలువ ముందు చతికిలబడి కూర్చుంది.

"నాలుగు భాగాలు పోయి పాదాలు మిగిలిపోతే ఏమవుతుంది, కొమాద్రె?"

"తెలీదు. అలా జరగడం ఎప్పుడూ చూళ్ళేదు."

"నాకు తెలుసు. పాదాలతో ఇల్లంతా తిరుగుతాడు. బతికుండగా కదల్లేని వెధవ, చచ్చి నా ఇంట్లో షికార్లు చేస్తాడు."

నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. ఆమె ఒళ్ళో ఉన్న చేతులు చూశాను. నీళ్ళలో, గంజిలో నాని వేళ్ళ చివర్లు చిట్లిపోయాయి. ఈ చేతులకు కొంత విశ్రాంతి ఇవ్వవమ్మా తల్లీ అని మరియమాతను అడిగాను. అంతకంటే గట్టిగా ఏమీ అడగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నమే హాల్లో కార్యక్రమం మొదలైంది. ఇటు నికనోరా ఇంట్లో దాల్చినచెక్క వేసిన కాఫీ కుండ పొయ్యి మీద ఉంది. సోస్తెనెస్, కాసియానో, రొట్టెల కొట్టావిడ వచ్చి గోడవార కూర్చున్నారు. దెల్ఫినా హాలు గుమ్మం దగ్గర తమాలేలు అమ్ముకుని ఆరుగంటలకు వస్తానంది. అంతకు చాలా ముందే ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో కూలబడింది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

"తొక్కేశారు!" అంది.

"ఎవర్ని తొక్కేశారే?"

"శిలువని! అందరూ కలిసి తొక్కేశారు!"

ఊపిరి తీసుకుని చెప్పింది. ఉపన్యాసాలు అయ్యాయి. రేడియోవాళ్ళు మైకు ముందుకు జరిపారు. అందరూ శిలువ చుట్టూ కుర్చీల్లో కళ్ళొత్తుకుంటూ కూర్చున్నారు. బ్యాండు 'నీ పేరు తప్ప' ఎత్తుకుంది. ఆ హాల్లో ఆ పాటను కూర్చుని విన్నవాళ్ళు పుట్టలేదు, అదీ సంగతి. ముందు మూలనున్న ఒక ముసలి జంట లేచింది. వాళ్ళను చూసి ఇంకో జంట. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఏడుస్తూనే ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొదటి చరణం, రెండో చరణం, మూడోది. పూలు బూట్లకింద నలిగాయి, కొవ్వొత్తులు దొర్లాయి. నీలం, ఊదా పొట్టంతా ఆడవాళ్ళ పావడా అంచులకూ, మగవాళ్ళ తెల్లబూట్లకూ ఎక్కింది.

"దోన్ పాలెమోన్ కూడానా?" అన్నాడు కాసియానో.

"ఆయనే కదా నట్టనడుమ! మందులషాపాయన పెళ్ళాంతో. పాట ఆగాక కిందికి చూశారు. నేల నున్నగా ఉంది. మా కోడిపుంజు కాలితో గీసినా అంతకంటే శిలువలా ఉండేది."

సోస్తెనెస్ టోపీతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను శిలువగుర్తు వేసుకున్నాను. పాపమే, పెద్ద పాపమే. ఒక మనిషిని అంత ఇదిగా ప్రేమించామని చెప్పుకునే ఊరు, అతని ఆత్మ మీదుగా డాన్సు చేసింది. ఒక్కరికీ కాళ్ళకింద ఏముందో పట్టలేదు. అతను నేర్పిన ప్రేమ అలాంటిదే మరి. కళ్ళు మూసుకుని చేసేది.

కాసేపటికి దోన్ పాలెమోన్ వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. ప్యాంటు అంచుకు ఊదారంగు అంటుకుని ఉంది. వెనక వీధిలో సంఘంవాళ్ళు ఇద్దరు ముగ్గురు అరుగు కింద నిలబడ్డారు.

"దోన్యా నికనోరా," అన్నాడు. ఆమెను మర్యాదగా దోన్యా అనడం అతని నోట మేమెవరం అంతకుముందు వినలేదు. "చిన్న అవాంతరం వచ్చింది."

"విన్నాం."

"వెరాక్రూస్ నుంచి పత్రికలవాళ్ళు సమాధి దగ్గర కాచుకుని ఉన్నారు. ఖాళీ పెట్టెతో వెళ్ళలేం. ఎలాగూ మీ దగ్గర శిలువ ఉంది కాబట్టి... అంతా అక్కర్లేదు. సగం ఇచ్చినా చాలు."

"సగమా? ఏ సగం, దోన్ పాలెమోన్? పాడిన సగమా, నేను కడిగిన సగమా?"

వీధిలో ఎవరో దగ్గారు.

నికనోరా లేచి నిలబడింది. నేల మీదికి చూసింది. గోడవారనున్న నలుగుర్నీ చూసింది. ఆమె ఏమనుకుంటోందో నాకప్పుడు అర్థమైంది. ఇంత తక్కువ మనిషి చేతుల్లో పెట్టేస్తుందా అనుకున్నాను. కానీ ఆమెకు కావాల్సింది గొప్ప మనిషి కాదు. రెండు కాళ్ళున్న మనిషి.

"సగం లేదు. మొత్తం తీసుకెళ్ళండి. పాదం ఎత్తడానికి ఒకరు తక్కువయ్యారు. మీరు మోకరించండి. జపమాల మొత్తం అయ్యాక, మా పద్ధతిలో ఎత్తి, పెట్టె మీరే మోసుకుపోండి."

"జపమాల మొత్తమా? అక్కడ వాళ్ళు..."

"పత్రికలవాళ్ళు కాచుకుంటారు. మీ మేస్ట్రో నా ఇంట్లో ఆరేళ్ళు కాచుకున్నాడు, మీరు ఏడాదిలో రెండోసారి ఎప్పుడొస్తారా అని."

అతను వీధివైపు చూశాడు. అరుగు కింద వాళ్ళెవరూ అతని కళ్ళలోకి చూడలేదు. పెద్ద మనిషి మెల్లిగా మోకాళ్ళు వంచాడు. మట్టినేల. రొట్టెల కొట్టావిడ తన కింద ఉన్న గోనెగుడ్డ తీసి అతని మోకాళ్ళకింద తోసింది. ఆవిడ అంతే. మనిషి నచ్చకపోయినా మోకాళ్ళ నొప్పి అందరికీ ఒకటేనని ఆవిడ లెక్క.

నేను మొదలుపెట్టాను. ఏదీ తగ్గించలేదు. జపమాలలోని అయిదు రహస్యాలూ, ఒక్కో పూసా, మరియమాత స్తుతిమాల మొత్తం, ఆ తర్వాత, స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకోసం ప్రత్యేక ప్రార్థన. నాకేం తొందర లేదు. దోన్ పాలెమోన్‌కు స్తుతిమాలలో జవాబులు రావు. 'మాకోసం ప్రార్థించు' అనాల్సిన చోట 'మమ్మల్ని కరుణించు' అంటున్నాడు. సోస్తెనెస్ పక్కనుంచి మెల్లిగా అందించాడు. గిలక్కాయలవాడికి తాళం ఎక్కడ పడాలో తెలుసు.

ఆ గదిలో లెయొబార్దోను ప్రేమించినవాళ్ళు ఒక్కరూ లేరు. అతని చేతిలో అవమానపడ్డవాళ్ళు నలుగురు, అతని పేరుతో పెద్దమనిషైనవాడు ఒకడు. అయినా ప్రార్థన ఎక్కడా తప్పలేదు. చనిపోయినవాడికోసం ప్రార్థించాలంటే ప్రేమ ఉండితీరాలని దేవుడు పట్టుబట్టి ఉంటే, ఉత్తరించు స్థలం ఎప్పటికీ ఖాళీ అయ్యేది కాదు. అతనికి దక్కిన ప్రేమంతా హాల్లో బూట్లకింద పొట్టయిపోయింది. అక్కడి గేటు దాటించింది మాత్రం ఈ ఇష్టంలేని గొంతులే.

ఒక్కొక్క కొవ్వొత్తీ ఆర్పుతూ శిలువ ఎత్తారు. సోస్తెనెస్ తలను చామంతి గుత్తితో ఊడ్చాడు. ఊడ్చేముందు ఒక క్షణం ఆగి చూశాడు. కాసియానో కుడిచెయ్యి, రొట్టెల కొట్టావిడ ఎడమచెయ్యి. దెల్ఫినా గుండె దగ్గర కూర్చుని రేణువు కూడా మిగల్చకుండా ఊడ్చింది. వేలితో నేల గీకి, "అమ్మయ్య. ఉంది, కొంచెం," అంది. అప్పుడు నవ్వలేదు.

దోన్ పాలెమోన్ పాదాలను పెట్టెలోకి ఎత్తాడు. సున్నం ప్యాంటుకంటిన ఊదారంగు మీద పడింది. లేచి పెట్టె పట్టుకున్నాడు.

"జాగ్రత్త, కొంపాద్రె. గుమ్మం దగ్గర మెట్టుంది," అంది నికనోరా.

ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలిందని మొహం చూస్తే తెలిసింది. కొంపాద్రె. పాదం ఎత్తినవాడు కాబట్టి ఏడాదిపాటు నెలకో జపమాల చెప్పించాలి. ఏడాది తిరిగాక పూజ పెట్టించి, ఈ ఇంట్లోనే, ఈ నలుగురినీ కూర్చోబెట్టి భోజనం పెట్టాలి. వీధిలో నికనోరా ఎదురైతే బతికున్నన్నాళ్ళూ టోపీ తియ్యాలి. అవన్నీ అతనికి ఇప్పుడే గుర్తొస్తున్నట్టున్నాయి.

"మీరు రారా... కొమాద్రె? సమాధిదాకా?" అన్నాడు.

"నా వంతు అయిపోయింది. ఇంకనుంచి మీది."

వీధిలో బ్యాండు ఎత్తుకుంది, మళ్ళీ అదే పాట. ఊరేగింపు నదివీధి వెంట సాగింది. రెండో చరణం చివర ఆ ఖాళీలో ఎవరి పేరు పాడారో మాకు వినపడలేదు. వినాలని ఎవరూ ప్రయత్నించలేదు కూడా. దెల్ఫినా గంపలో మిగిలిన తమాలేలు తీసి, అరిటాకులు విప్పి అందరికీ పెట్టింది. కాసియానో కాఫీ పోశాడు. వేడిగా ఉంది.

"పోయాడంటావా, కొమాద్రె?" అంది దెల్ఫినా.

నికనోరా తల పక్కకు వంచి ఇంటిని విన్నది. పెరట్లో కోళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరూ ఎవరి పేరూ పిలవడం లేదు. అప్పుడు లేచి, ఆత్మకు దాహమైతే తాగుతుందని శిలువ పక్కన పెట్టిన నీళ్ళగ్లాసు తీసుకుని, గుమ్మం దాకా నడిచి, నీళ్ళను వీధిలోకి బారెడు దూరం విసిరికొట్టింది. గ్లాసును లంగా అంచుతో తుడిచి, తన కాఫీ అందులో పోయించుకుంది.